అరవై దాటాక విడిపోతే: బరంపురం వైపు తెలుగువారికి ఉచిత న్యాయ సేవ ఎంతవరకు అక్కరకొస్తుంది

గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు ఇళ్ళలో అరవై దాటాక కాపురం విడగొట్టుకునేవారు తక్కువే. ఆ కొద్దిమందికి దారి చెప్పేవారు ఇంకా తక్కువ. పిల్లలు సర్దుకోమంటారు, కులపెద్దలు కాగితం రాసుకోమంటారు, ప్లీడరు ఫీజు మాట ముందు చెప్తాడు. అందుకే మొదట వెళ్ళవలసింది జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయానికి. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ మూడు చోట్లా ఉంది. ఈ సమీక్ష ఆ సేవ మీద, అదీ పెద్దవయసులో విడిపోయేవారి కోణం నుంచి.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. కాగితం పనికీ, కోర్టు ఖర్చుకీ, మధ్యవర్తిత్వానికీ ఈ సేవను నిక్షేపంగా వాడుకోవచ్చు. పెన్షను, వైద్యం, తలదాచుకునే ఇల్లు అనే మూడింటి సంగతి మాత్రం మనం అడిగితే తప్ప చర్చకు రాదు. అరవై దాటినవారి బతుకు నిలిచేది ఆ మూడింటి మీదే. విడాకుల అర్జీ మీద సంతకం పెట్టకముందే వాటిని తేల్చుకోవాలి. తర్వాత తేల్చుకుందామంటే చాలావాటికి దారి మూసుకుపోతుంది.

ఎవరికి దొరుకుతుంది, ఎలా అడగాలి

1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవారికి ఆదాయంతో పని లేదు. సొంత ఇల్లున్నా, కొడుకు ఇంజినీరైనా, బ్యాంకులో డిపాజిట్లున్నా ఉచిత ప్లీడరును అడగవచ్చు. ఎస్సీ, ఎస్టీలకూ, వికలాంగులకూ అంతే. మిగతా మగవారిలో ఎక్కువమందికి ఆదాయ పరిమితి ఉంది, దాన్ని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. రిటైరైన ఉద్యోగి అయితే నెల పెన్షన్ను పన్నెండుతో హెచ్చవేసి ఆ పరిమితితో పోల్చి చూసుకుని వెళ్ళాలి.

అర్జీ తెల్లకాగితం మీద రాసినా సరే, నోటితో చెప్పినా అక్కడివారే రాసుకుంటారు. ఆధార్ నకలు, వయసు రుజువు, తగువు ఏమిటో నాలుగు వాక్యాలు చాలు. మొదటిరోజే పెళ్ళి ఫొటోలు, దస్తావేజుల అసళ్ళు మూటగట్టుకుని వెళ్ళనక్కర్లేదు. అసళ్ళు ఎవరి చేతికీ ఇవ్వకూడదు. నకళ్ళు ఇచ్చి, వెనక పెన్సిలుతో తేదీ వేసుకోవాలి. అర్జీ మీద 7 రోజుల్లో నిర్ణయం చెప్పాలని నియమం. ఊరినుంచి కదలలేనివారు 15100కి ఫోన్ చేయవచ్చు. దగ్గరలో కామన్ సర్వీస్ సెంటర్ ఉంటే అక్కణ్ణుంచి టెలి-లా ద్వారా ప్లీడరుతో మాట్లాడవచ్చు. దాని నంబరు 14454. కేసు వెయ్యాలా వద్దా అనే సందేహం తీరడానికి టెలి-లా సరిపోతుంది. కేసు నడపడానికి మాత్రం కార్యాలయానికి వెళ్ళాల్సిందే.

ఈ సేవ కింద ప్లీడరు ఒక్కడే కాదు. కోర్టు ఫీజు, నోటీసుల ఖర్చు, సర్టిఫైడ్ నకళ్ళు, కాగితాల అనువాదం కూడా దీని కిందికే వస్తాయి. అనువాదం మాట అడిగేవారు అరుదు. సరిహద్దు తెలుగువారికి అన్నిటికంటే పనికొచ్చేది అదే. దాని సంగతి కింద చెప్తాం.

కేటాయించిన ప్లీడరు డబ్బు అడిగితే ఇవ్వక్కర్లేదు. అదే కార్యాలయానికి రాతపూర్వకంగా చెప్పి వేరే ప్లీడరును కోరవచ్చు. వాయిదాకు రాకపోయినా అంతే. పెద్దవాళ్ళు మొహమాటపడి ఈ పని చెయ్యరు, ఏడాది గడిచాక బాధపడతారు. వరసగా రెండు వాయిదాలు తప్పిస్తే మూడోదాకా ఆగకుండా అర్జీ పెట్టండి.

విడాకులా, వేరుగా ఉండటమా

ఈ సేవలో అసలు లోటు ఇక్కడే. ఆఫీసులో అడిగే మొదటి ప్రశ్న "విడాకులు కావాలా, మనోవర్తి కావాలా?" అని. పాతికేళ్ళ పిల్లకు ఆ ప్రశ్న చాలు. అరవై రెండేళ్ళ ఆవిడకు చాలదు, ఎందుకంటే ఆమె ముందున్న దారులు నాలుగు.

ఒకటి, పెళ్ళి పెళ్ళిగానే ఉంచుకుని వేరుగా ఉంటూ మనోవర్తి తీసుకోవడం. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం 18వ సెక్షన్ కింద అడగవచ్చు. లేదా భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద అడగవచ్చు. 2024 జూలై 1కి ముందు అందరికీ తెలిసిన 125వ సెక్షనే ఇప్పుడు ఈ 144. రెండు, హిందూ వివాహ చట్టం 10వ సెక్షన్ కింద జుడీషియల్ సెపరేషన్ డిక్రీ. కలిసి కాపురం చేయాల్సిన బాధ్యత పోతుంది, భార్యాభర్తల హోదా ఉంటుంది. మూడు, 13-బి కింద పరస్పర అంగీకారంతో విడాకులు. నాలుగు, కారణం చూపి 13వ సెక్షన్ కింద పోరాడి తెచ్చుకునే విడాకులు.

భర్త కేంద్ర ప్రభుత్వంలోనో, రైల్వేలోనో చేసి రిటైరైతే ఈ ఎంపిక మీదే ఆవిడ చివరి పాతికేళ్ళు ఆధారపడతాయి. విడాకులు పొందిన భార్యకు కుటుంబ పెన్షను రాదు. జుడీషియల్ సెపరేషన్‌లో ఉన్న భార్యకు ఆ హక్కు సాధారణంగా నిలుస్తుంది. ఆమె మీద వ్యభిచారం రుజువై ఆ డిక్రీ వచ్చినప్పుడు మాత్రం పోతుంది. కేంద్ర కుటుంబ పెన్షను చివరి మూలవేతనంలో 30 శాతం, నెలకు 9000కు తగ్గదు, దాని మీద కరువు భత్యం అదనం. విడాకులప్పుడు చేతికొచ్చే రెండు మూడు లక్షల ఏకమొత్తం దీనిముందు ఎంత? రైల్వే వైద్యం కార్డు సంగతీ అంతే. విడాకుల డిక్రీ ఆఫీసుకు చేరిన రోజున మాజీ భార్య పేరు అందులోంచి పోతుంది. షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పులతో ఉన్న మనిషికి అది చిన్న నష్టం కాదు.

వారసత్వం కూడా చూడాలి. వేరుగా ఉంటున్న భార్య హిందూ వారసత్వ చట్టం కింద భర్త ఆస్తిలో మొదటి తరగతి వారసురాలే. విడాకులు తీసుకున్నామె కాదు. ఇది రెండువైపులా వర్తిస్తుంది. భార్య పేర పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద రాసిచ్చిన భూమి ఉందనుకోండి, విడాకులు లేకుండా ఆమె ముందు పోతే, వీలునామా లేకుంటే, పిల్లలతోపాటు భర్తకూ వాటా వస్తుంది. ఆయనకు చేరకూడదనుకుంటే వీలునామా రాయాలి. వీలునామా ముందే రాసి ఉంటే విడాకులు రాగానే దానంతటది రద్దయిపోదని కూడా గుర్తుంచుకోండి. పాతది మార్చి కొత్తది రాయాలి.

పెన్షను ఒక్క విషయంలో అమెరికా పద్ధతి మనకంటే నయం. యాభై దాటినవారిలో విడాకుల రేటు అక్కడ 1990 నుంచి 2010 మధ్య రెట్టింపైందని సూసన్ బ్రౌన్, ఐ-ఫెన్ లిన్ అనే పరిశోధకులు 2012లో చూపారు. అక్కడ స్పానిష్ మాట్లాడే కుటుంబాల్లో కూడా మన ఇళ్ళలాగే ఇంటి పరువూ బంధువుల మాటా ముందుంటాయి, చాలామందికి చర్చి మాట కూడా. అయినా పెళ్ళి పదేళ్ళు నిలిచి ఉండి, మళ్ళీ పెళ్ళి చేసుకోకపోతే, 62 ఏళ్ళు వచ్చాక మాజీ భర్త ఖాతా ఆధారంగా ఆమెకు సోషల్ సెక్యూరిటీ, అంటే అక్కడి ప్రభుత్వ పెన్షను, సొమ్ము వస్తుంది. పూర్తి పెన్షను వయసు వరకు ఆగితే ఆయన మొత్తంలో సగం దాకా. దానివల్ల ఆయనకు వచ్చేది తగ్గదు. అయితే భర్త జీవితమంతా లెక్కకెక్కని కూలిపనుల్లో గడిపి ఉంటే ఆ ఖాతాలో ఏమీ ఉండదు. వలస కుటుంబాల ముసలి ఆడవారికి దెబ్బ తగిలేది అక్కడ. మన చట్టంలో ముప్ఫై ఏళ్ళ కాపురానికి పెన్షన్లో అలాంటి లెక్కే లేదు. కాబట్టి ఉచిత ప్లీడరును కలిసిన మొదటి గంటలోనే పి.పి.ఓ. (పెన్షను చెల్లింపు ఉత్తర్వు) నకలు బల్లమీద పెట్టి "విడాకులైతే ఇందులో నాకేం మిగులుతుంది?" అని అడగాలి.

అంటే ఎవరూ విడాకులు తీసుకోవద్దనా? కానే కాదు. కొట్టే భర్త, ఆస్తి కరగదీసే భర్త, అప్పులు ఇంటిమీదకు తెచ్చే భర్త ఉన్నప్పుడు పూర్తిగా తెంచుకోవడమే మేలు. పెన్షను లేని ఇంట్లో విడాకులకూ వేరుగా ఉండటానికీ మధ్య తేడా కూడా తక్కువ. ఎంచుకునే హక్కు ఆవిడది, లెక్క చెప్పే బాధ్యత ప్లీడరుది.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. కులపెద్దల ముందు స్టాంపు కాగితం మీద రాసుకుని నోటరీ వేయించిన విడాకులు చెల్లవు. ఆ కులంలో అలాంటి ఆచారం అనాదిగా ఉందని కోర్టులో రుజువు చేయగలిగితే వేరు. పెన్షను ఆఫీసూ, బ్యాంకూ దాన్ని పట్టించుకోవు. మరో మాట: హిందూ వివాహ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. రాయగడ, గజపతి ఏజెన్సీలో ఉండేవారికి దారి వేరు. క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టం, అందులో 10-ఎ కింద పరస్పర అంగీకారం ఉంది.

ఏ కోర్టు: ఇటా, అటా?

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి గంజాం ఇటు వచ్చినా, పెళ్ళి సంబంధాలు సరిహద్దు దాటి సాగుతూనే ఉన్నాయి. పెళ్ళి ఇచ్ఛాపురంలో, కాపురం బరంపురంలో, ఇప్పుడు ఆవిడ పాతపట్నంలో కూతురి దగ్గర. ఇలాంటి కేసుకు హిందూ వివాహ చట్టం 19వ సెక్షన్ కింద చాలా కోర్టులు పనికొస్తాయి: పెళ్ళి జరిగిన చోటు, చివరిసారి కలిసి ఉన్న చోటు, ఎదుటివారు ఉంటున్న చోటు. భార్య కేసు వేస్తే ఆమె ఇప్పుడు ఉంటున్న చోటు కూడా. 144 కింద మనోవర్తి కూడా ఆమె ఉన్నచోటే అడగవచ్చు.

మోకాళ్ళు సహకరించని మనిషి తానున్న చోటే వేసుకోవడం మంచిది. అయితే ఆంధ్ర వైపు వేస్తే శ్రీకాకుళం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోవాలి. బరంపురంలో ఇచ్చిన అర్జీతో శ్రీకాకుళంలో ప్లీడరు నేరుగా దొరకడు, అక్కడికి పంపించమని అడగాలి. ఒకరు ఇక్కడ, ఇంకొకరు అక్కడ విడాకుల కేసు వేసుకుంటే అదే చట్టం 21-ఎ కింద తర్వాత వేసిన కేసు మొదటి కోర్టుకు చేరుతుంది. ఆలస్యం చేసినవారు నష్టపోతారు. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి కేసు మార్పించుకోవాలంటే సుప్రీంకోర్టుకే వెళ్ళాలి. అందుచేత కోర్టు ఏదో అర్జీ రోజునే ఆలోచించి తేల్చుకోండి. ఏ కోర్టైనా 16 అక్షరాల సి.ఎన్.ఆర్. నంబరు తీసుకోండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో అది కొడితే తర్వాతి వాయిదా కనిపిస్తుంది, వాయిదా తేదీ కోసం గుమాస్తా చుట్టూ తిరగనక్కర్లేదు.

తెలుగు కాగితాలు, రెండు మూడు పేర్లు

ఇక్కడి పెద్దవాళ్ళ పెళ్ళిళ్ళు చాలావరకు రిజిస్టరు కాలేదు. పెళ్ళికి రుజువు శుభలేఖ, లగ్నపత్రిక, పురోహితుడి మాట, ఫొటో. శుభలేఖ తెలుగులో ఉంటుంది, బరంపురం కోర్టులో ఆ భాష పనికిరాదు. ఇలాంటి ప్రతి తెలుగు కాగితానికీ అనువాదం, దాని కింద అనువాదకుడి సంతకం, "అసలుకు సరైన అనువాదం" అనే మాట ఉండాలి. న్యాయ సేవ కింద ఈ ఖర్చు అడగండి.

అనువాదంలో తప్పు జరిగేది పేర్ల దగ్గర. శుభలేఖలో చిరంజీవి సౌభాగ్యవతి సూర్యకాంతమ్మ. ఆధార్‌లో సూర్యకాంతి. రేషను కార్డులో ఒడియా లిపిలో పడి ఇంటిపేరు పోయి సూర్యకాంతం. పి.పి.ఓ.లో ఇంటిపేరు మొదటి అక్షరం మాత్రమే. ఈ నాలుగూ ఒక్క మనిషివేనని చెప్పే అఫిడవిట్ కేసుతోపాటే దాఖలు చెయ్యాలి. లేకపోతే మనోవర్తి ఉత్తర్వులో ఒక పేరు, బ్యాంకు ఖాతాలో ఒక పేరు పడి డబ్బు ఆగిపోతుంది. మంచి ప్లీడరు ఈ పని తనంత తానే చేస్తాడు. చెయ్యకపోతే "ఒకే వ్యక్తి అఫిడవిట్ పెట్టండి" అని అడగండి. పి.పి.ఓ.లో దంపతుల జంట ఫొటో ఉంటుంది, పెళ్ళికి అంతకంటే గట్టి రుజువు దొరకడం కష్టం. దాని నకలు భద్రంగా దాచుకోండి.

ఇల్లు, భూమి విషయంలో ఖతియాన్ (భూమి హక్కుల రికార్డు) ఎవరి పేరున ఉందో భూలేఖ్ వెబ్‌సైట్లో చూసి ప్రింటు తీసుకోవాలి. చాలాసార్లు అది ఇంకా మామగారి పేరుమీదే ఉంటుంది. అప్పుడు భర్త "ఇల్లు ఆవిడకిస్తున్నాను" అని మధ్యవర్తి ముందు చేసే సంతకానికి విలువ ఉండదు, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ వాటాదారులు. ఆవిడకు ఆ ఇంట్లో ఉండే హక్కు మాత్రం గృహహింస చట్టం కింద అడగవచ్చు. ఇల్లు అత్తమామలదైనా కాపురం చేసిన ఇల్లే అవుతుందని సుప్రీంకోర్టు 2020 అక్టోబరులో సతీష్ చందర్ అహూజా కేసులో చెప్పింది. ఈ హక్కు కూడా కాపురం చట్టప్రకారం నిలిచి ఉన్నప్పుడే బలంగా ఉంటుంది. విడాకులకు ఒప్పుకునే పక్షంలో జీవితకాలం ఉండే హక్కును రిజిస్టరు దస్తావేజుగా రాయించుకున్నాకే పరస్పర అంగీకార విడాకుల రెండో అర్జీ మీద సంతకం చేయాలి.

మధ్యవర్తిత్వం: ఇందులో సేవ చాలా బాగుంది

ఈ మొత్తం ఏర్పాటులో మేము ధైర్యంగా సిఫారసు చేసేది మధ్యవర్తిత్వ కేంద్రాన్నే. మధ్యవర్తులకు 40 గంటల శిక్షణ ఉంటుంది. అక్కడ అన్న మాట కోర్టులో సాక్ష్యంగా రాదు, ఖర్చు లేదు. పెద్దవాళ్ళు నలుగురిలో గొంతెత్తలేరు, తలుపు మూసిన గదిలో చెప్పుకోగలరు. కుటుంబ కోర్టులో కూడా ఎవరు అడిగినా విచారణ ఆంతరంగికంగా జరపాలని 1984 చట్టం 11వ సెక్షన్ చెప్తుంది.

చెడిపోయేది పిల్లలవల్ల. కొడుకు తండ్రి తరఫున, కూతురు తల్లి తరఫున కూర్చుంటే మాట ఇంటి వాటాలమీదికి పోతుంది, దంపతుల సంగతి పక్కకు పోతుంది. మొదటి రెండు సిట్టింగులు పిల్లలు బయట వరండాలో ఉండాలని ముందే అడగండి. ఒడియా సరిగా రానివారు తెలుగు తెలిసిన మధ్యవర్తిని కోరవచ్చు. లేకపోతే కొడుకు దుబాసీగా కూర్చుంటాడు, అప్పుడు తల్లి చెప్పేదంతా కొడుకు నోటిమీదుగా వస్తుంది.

ఒప్పందంలో తప్పకుండా ఉండాల్సినవి: నెలకు ఎంత, ఏ తేదీన, ఏ ఖాతాకు, ఏటా ఎంత పెరుగుదల, మందులూ ఆసుపత్రి ఖర్చు ఎవరిది, బంగారం జాబితా తులాలతో సహా, ఎవరు ఏ అప్పు కడతారు, ఇంటి తాళం ఎప్పుడు అప్పగిస్తారు. "తగిన సహాయం చేయును" అని రాస్తే అది కాగితం మీద అక్షరాలు మాత్రమే, అమలు చేయించలేరు. జాతీయ లోక్ అదాలత్‌లో మనోవర్తి బకాయిలు సర్దుకోవచ్చు. ఆ అవార్డు మీద అప్పీలు ఉండదు కాబట్టి అంకె నచ్చితేనే సంతకం పెట్టండి. అక్కడ విడాకులు మాత్రం ఇవ్వరు.

పరస్పర అంగీకారానికి ఏడాదిపాటు వేరుగా ఉండాలి. ఒకే ఇంట్లో పై వాటా, కింది వాటాలో ఉంటూ భార్యాభర్తల్లా మెలగకపోయినా వేరుగా ఉన్నట్టేనని సురేష్టా దేవి కేసులో 1991లోనే తేలింది. అద్దెకు వేరే గది తీసుకోలేని ముసలివారికి ఇది పెద్ద ఊరట. మొదటి అర్జీ తర్వాత 6 నెలలు ఆగి, 18 నెలల్లోపు రెండోది వెయ్యాలి. అప్పటికే ఏడాదిన్నర దాటి వేరుగా ఉండి, అన్నీ తేలిపోయి ఉంటే ఆ 6 నెలలు మాఫీ చేయమని అడగవచ్చు, 2017 నాటి అమర్‌దీప్ సింగ్ తీర్పు ఆధారం. డిక్రీ దాకా ఎవరైనా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. అందుకే ఏకమొత్తం అంతా మొదటే ఇవ్వడం ఇచ్చేవారికి ప్రమాదం, అంతా చివరికి వాయిదా వెయ్యడం తీసుకునేవారికి ప్రమాదం. మొదటి అర్జీ రోజు కొంత, రెండో రోజు మిగతాది డీడీగా జడ్జిగారి ముందే ఇవ్వడం మంచి పద్ధతి. వచ్చిన సొమ్మును కొడుకు వ్యాపారంలో పెట్టకుండా పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేస్తే, 60 దాటినవారికి 30 లక్షల దాకా, మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది.

మనోవర్తి అఫిడవిట్

2020 నవంబరు 4న రజనేష్, నేహా కేసులో సుప్రీంకోర్టు ఇద్దరూ ఆస్తి అప్పుల అఫిడవిట్ వెయ్యాలని చెప్పింది, ఎదుటివారికి గరిష్ఠంగా నాలుగు వారాలు. మనోవర్తి అర్జీ పెట్టిన తేదీనుంచే లెక్క. ఈ అఫిడవిట్ దగ్గర పని హడావుడిగా జరిగే ప్రమాదం ఎక్కువ. ఖాళీలు "లేదు" అని నింపేసి సంతకం పెట్టిస్తారు. పెట్టకండి. మందుల చీటీలు మూడు నెలలవి వరసగా పెట్టి నెల సగటు కట్టండి. అద్దె, గ్యాసు, కరెంటు, పనిమనిషి, ఆసుపత్రికి ఆటో ఖర్చు రాయండి. భర్తవైపు పెన్షను ఒక్కటే చూపి గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పెన్షన్లో కొంత భాగం ముందే ఏకమొత్తంగా తీసుకోవడం) ద్వారా చేతికొచ్చిన సొమ్ము ఎక్కడ పెట్టారో చూపకపోతే బ్యాంకు స్టేట్‌మెంట్లు తెప్పించమని కోర్టును అడగాలి. మధ్యంతర మనోవర్తిని నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని 144వ సెక్షనే చెప్తుంది. వయసు రుజువు జతచేసి త్వరగా వినమని ఒక మెమో వేస్తే నష్టమేమీ లేదు.

పిల్లలనుంచి రావలసినదానికి వేరే తలుపు తట్టాలి. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల చట్టం కింద సబ్ కలెక్టర్ స్థాయి ట్రిబ్యునల్ నెలకు 10,000 దాకా ఇప్పించవచ్చు, 90 రోజుల్లో తేల్చాలి. ఇందులో భార్య భర్తను అడగడానికి వీల్లేదు. చూసుకుంటామని షరతు రాయించుకుని ఆస్తి రాసిచ్చాక పిల్లలు చూడకపోతే ఆ దానం రద్దు చేయించుకునే 23వ సెక్షన్ కూడా ఇందులోనే ఉంది. సలహా కోసం ఎల్డర్‌లైన్ 14567, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా.

తర్వాతి రోజులు

డిక్రీ వచ్చాక ఉచిత న్యాయ సేవ దాదాపు చేతులు దులుపుకుంటుంది. అసలు సర్దుబాటు అప్పుడే మొదలవుతుంది. సర్టిఫైడ్ నకళ్ళు నాలుగైనా తీసుకోండి, ఒక్కో ఆఫీసు ఒకటి ఉంచేసుకుంటుంది. ఎల్.ఐ.సి., బ్యాంకు, పీఎఫ్, పోస్టాఫీసు నామినేషన్లు డిక్రీతో మారవు, ఒక్కొక్కటి ఫారం ఇచ్చి మార్చాలి. ఉమ్మడి ఖాతా, లాకరు మూసి సొంత ఖాతా తెరవాలి. రేషను కార్డులో పేరు విడదీయించుకోవాలి.

మనుషుల విషయంలో ఆడవారికీ మగవారికీ కష్టం వేరువేరు చోట్ల వస్తుంది. ఆవిడకు ఏటీఎం, బ్యాంకు, కరెంటు బిల్లు కొత్త. ఆయనకు వంట, మందుల వేళలు, పిల్లలతో ఫోను మాట్లాడటం కొత్త. ఇన్నాళ్ళూ అమ్మే కదా పలకరించేది. మొదటి మూడు నెలలకు మందుల డబ్బా రోజులవారీ గదులున్నది కొనండి, దానిమీద తెలుగులో వేళలు రాయండి. మనవరాలి పెళ్ళి వస్తే పీటలమీద ఎవరు, ముందు వరసలో ఎవరు అన్నది నెల ముందే పిల్లలు అడిగి తేల్చాలి. పెళ్ళిపందిట్లో తేల్చుకోబోతే ఆవిడ ఇక ఏ శుభకార్యానికీ రాదు. రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణి జాత్రకు బంధువులంతా బరంపురం చేరతారు. ఒంటరిగా ఉన్నవారిని ఆ రోజుల్లో భోజనానికి పిలవడం బంధువులు చేయగల అతి చిన్న సాయం, అతి పెద్ద సాయం కూడా.

నిద్రపట్టకపోవడం, తిండి సయించకపోవడం రెండు వారాలు దాటితే టెలి-మానస్ 14416కి చేయాలి. రాత్రీ పగలూ ఉంటుంది, ఉచితం, తెలుగు ఎంచుకోవచ్చు. బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్యులున్నారు. పెద్దవాళ్ళలో దిగులు కొన్నిసార్లు మతిమరుపులా కనిపిస్తుంది, వయసు అనుకుని వదిలేయకండి.

మనోవర్తి సొమ్ము ఒక నెల రాకపోతే ఆ నెలే పాస్‌బుక్కులో గీత గీసి ఉంచండి. 144 కింద బకాయికి వారంటు అడగాలంటే ఆ సొమ్ము ఇవ్వాల్సిన తేదీనుంచి ఏడాదిలోపు దరఖాస్తు పెట్టాలి. "అబ్బాయి చెప్పాడు, ఇస్తారులే" అని ఊరుకుంటే పాత నెలలకు ఆ దారి పోతుంది. ఎగ్గొట్టిన ఒక్కో నెలకు నెల దాకా జైలు పడవచ్చని నోటీసులో రాయించండి, చాలా కేసులు అక్కడే కదులుతాయి. ఈ దరఖాస్తు రాసిపెట్టేది కూడా అదే న్యాయ సేవ కార్యాలయం. పాత కేసు నంబరు, ఉత్తర్వు నకలు, పాస్‌బుక్కు మూడూ పట్టుకెళ్ళండి.